వంద బొమ్మల మూస

తెలుగులో విమర్శ రాసేవాళ్ళకి బాగా అలవాటైన తిట్టు ఒకటుంది: మూస. మూస కథ, మూస పాత్ర, మూస కవిత్వం. ఆ మాట అన్నప్పుడల్లా మన కళ్ళముందు ఓ పెద్ద ఫాక్టరీ ఉంటుంది. అందులో ఇనప మూస, దాంట్లోంచి టకటకా ఊడిపడే ఒకే రకం సరుకు. చెయ్యి పెట్టినవాడు లేడు, ఆలోచించినవాడు లేడు అని మన ఫిర్యాదు.

విచిత్రం ఏమిటంటే, దాదాపు అదే వస్తువుకి మన దగ్గర ఇంకో పేరుంది: అచ్చు. ఆ పేరుతో పిలిస్తే మాత్రం గౌరవం. "నా కథ అచ్చయింది" అని చెప్పుకునేటప్పుడు ఎవరి గొంతులోనూ సిగ్గుండదు. పోలిక బాగా కుదిరితే "అచ్చు గుద్దినట్టు ఉన్నాడు" అని మురిసిపోతాం. మూసలో పోస్తే తిట్టు, అచ్చులో వేస్తే మెప్పు. రెండూ చేసే పని ఒక్కటే, ఒకదాన్ని పదిగా చెయ్యడం.

ఈ వ్యాసం ప్లాస్టిక్ బొమ్మల గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఇంట్లో కూర్చుని సొంతంగా మూస చేసుకుని, ఏ యాభయ్యో వందో బొమ్మలు పోత పోసి అమ్ముకున్న మనుషుల గురించి. సాహిత్య పత్రికలో బొమ్మల గోల ఏమిటని అడగొచ్చు. మూడొందల కాపీల కవిత్వ సంపుటాలూ, నాలుగు సంచికలకే ఆగిపోయిన చిన్న పత్రికలూ చూసినవాళ్ళకి ఈ కథ మరీ కొత్తగా అనిపించదని నా నమ్మకం.

ఉక్కు మూస లెక్క

ముందు ఫాక్టరీ సంగతి చూద్దాం. ప్లాస్టిక్‌ని వేడిచేసి, ఒత్తిడితో మూసలోకి ఎక్కించే యంత్రానికి అమెరికాలో హయత్ సోదరులు 1872లో పేటెంట్ తీసుకున్నారు. అప్పటి ప్లాస్టిక్ అంటే సెల్యులాయిడ్. దువ్వెనలు, గుండీలు, ఆ తర్వాత బొమ్మలు. సెల్యులాయిడ్‌కి నిప్పంటే పడదు, ఇట్టే అంటుకుంటుంది. రెండో ప్రపంచయుద్ధం నాటికి కొత్త ప్లాస్టిక్‌లు, మెరుగైన ఇంజెక్షన్ యంత్రాలు వచ్చాయి. యుద్ధం అయిపోగానే ఆ యంత్రాలు బొమ్మల వాళ్ళ చేతికొచ్చాయి. డెన్మార్క్‌లో చెక్కబొమ్మలు చేసుకునే వడ్రంగి ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ 1946లో అలాంటి యంత్రం ఒకటి కొన్నాడు. ఆయన కంపెనీ పేరు లెగో. ఇంగ్లండ్‌లో దువ్వెనలు పోసుకునే ఎయిర్‌ఫిక్స్ అనే కంపెనీ కూడా అదే రోజుల్లో ఇంజెక్షన్ యంత్రం పెట్టి, తర్వాత విమానాల మోడల్ కిట్‌లకి మారుపేరైపోయింది.

ఈ యంత్రంలో ఖరీదైన భాగం యంత్రం కాదు, మూస. గట్టి ఉక్కు దిమ్మెని రెండు సగాలుగా కోసి, లోపల బొమ్మ ఆకారాన్ని బోలుగా చెక్కాలి. కరిగిన ప్లాస్టిక్ వచ్చే దారి, గాలి పోయే దారి, చల్లబరిచే నీళ్ళ గొట్టాలు, బొమ్మని బయటికి తోసే సూదులు అన్నీ అందులోనే ఉండాలి. ఒక్కసారి కుదిరితే లక్షల బొమ్మలు పోస్తుంది. కుదరకపోతే ఆ దిమ్మె తుక్కు కింద పోతుంది.

లెక్క కోసం మూసకి అయిదు లక్షలు అయిందనుకుందాం. లక్ష బొమ్మలు అమ్మితే ఒక్కోదాని మీద పడే మూస ఖర్చు అయిదు రూపాయలు. వంద బొమ్మలే అమ్ముడైతే ఒక్కోదానికి అయిదు వేలు. అంటే ఉక్కు మూస ఉన్నవాడు ముందే ఓ ప్రశ్న వేసుకోవాలి: లక్షమందికి నచ్చే బొమ్మ ఏది? వందమందికి ప్రాణమైపోయే బొమ్మ అతనికి పనికిరాదు. మనం సినిమాల్లో, నవలల్లో మూస అని తిట్టేది నిజానికి ఈ లెక్కనే. అచ్చులో వెయ్యడం వల్ల బొమ్మ చప్పబడదు. మొదటి కాపీ ఖరీదు కొండంత ఉండి, ఆ కొండ కరగాలంటే లక్షమంది కావలసి వచ్చినప్పుడు చప్పబడుతుంది.

పోత పిల్లలది, మూస కంపెనీది

ఇంట్లో బొమ్మలు పోసుకోవడం కొత్తదేమీ కాదు. పాశ్చాత్య దేశాల్లో సీసం కరిగించి సిపాయి బొమ్మలు పోసుకునే సామాను పిల్లలకి అమ్మేవాళ్ళు. ప్లాస్టిక్ కాలంలో ఆ ఆటకి కొత్త రూపం ఇచ్చింది మాటెల్ కంపెనీ. 1964లో వాళ్ళు థింగ్‌మేకర్ అనే వస్తువు తెచ్చారు. చిన్న కరెంటు పొయ్యి, దాని మీద లోహపు అచ్చుపలక, సీసాలో రంగురంగుల ద్రవం. ద్రవాన్ని పలకలో పోసి పొయ్యి మీద పెడితే గట్టిపడి, మెత్తటి రబ్బరులాంటి సాలీళ్ళూ జెర్రులూ తయారయ్యేవి. అమెరికా పిల్లలు వేళ్ళు కాల్చుకుంటూ మరీ వాటిని చేసుకున్నారు.

సరదాగానే ఉంటుంది. కానీ ఒక్క విషయం గమనించండి. పోత పిల్లవాడి చేతిలో ఉంది, మూస మాత్రం మాటెల్ చేతిలోనే ఉంది. కొత్త పురుగు కావాలంటే కొత్త పలక కొనుక్కోవాలి. తన ఊహలో ఉన్న పురుగుని పోసుకునే దారి ఆ డబ్బాలో లేదు. ఇంట్లో తయారైంది కాబట్టి అది ఇంటి వస్తువు అనుకుంటాం గానీ, ఏం తయారుకావాలో ముందే వేరేవాళ్ళు నిర్ణయించేశారు. ఈ తేడా మనసులో పెట్టుకుని ఒసాకా వెళదాం.

ఒసాకాలో అయిదు చదరపు మీటర్లు

మియవాకి ఒసాము అనే ఆయన 1964లో ఒసాకా పక్కన ఓ చిన్న మోడల్ కిట్‌ల కొట్టు తెరిచాడు. పేరు కైయోదో. కొట్టు వైశాల్యం ఒకటిన్నర త్సుబో, అంటే సుమారు అయిదు చదరపు మీటర్లు. నూడుల్స్ హోటల్ పెట్టాలా, మోడల్స్ కొట్టు పెట్టాలా అని తేలక, చెక్క కత్తిని నిలబెట్టి వదిలి, అది పడిన వైపుని బట్టి నిర్ణయించుకున్నాడని ఆ కంపెనీ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ, అలాంటి కథ చెప్పుకునే కంపెనీ ఎలాంటిదో అర్థమవుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే జపాన్ టీవీలో రాక్షసుల కాలం మొదలైంది. సినిమాల్లో గాడ్జిల్లా 1954 నుంచే ఉన్నాడు. 1966లో అల్ట్రామాన్ సీరియల్స్ వచ్చాయి. అదే ఏడు మరుసన్ అనే కంపెనీ ఆ రాక్షసుల్ని మెత్తటి వినైల్ బొమ్మలుగా తెచ్చింది. పిల్లల చేతికి ముద్దుగా ఉండేలా గుండ్రంగా, తెరమీద కనిపించే రంగులతో సంబంధం లేకుండా, ఆకుపచ్చా గులాబీ పూసి అమ్మారు. పిల్లలు సంతోషంగా కొనుక్కున్నారు.

పదిహేనేళ్ళు గడిచాయి. ఆ పిల్లలు కాలేజీ కుర్రాళ్ళయ్యారు గానీ వాళ్ళకి రాక్షసుల మీద మోజు పోలేదు. ఇప్పుడు వాళ్ళకి ముద్దు బొమ్మలు అక్కర్లేదు. ఫలానా ఏడాది సినిమాలో, ఫలానా సీన్‌లో, ఆ గాడ్జిల్లా వీపు మీద పలకలు ఎలా ఉన్నాయో అలాగే కావాలి. ఏ బొమ్మల కంపెనీ చేస్తుంది అలాంటిది? ఉక్కు మూస లెక్క ప్రకారం ఆ కోరికకి విలువ సున్నా. దాంతో వాళ్ళే చేసుకోవడం మొదలుపెట్టారు. 1980ల మొదట్లో కైయోదో కొట్టు చుట్టూ ఇలాంటి కుర్రాళ్ళు చేరారు. అదే ఒసాకాలో, 1981లో డైకాన్ 3 అనే సైన్స్ ఫిక్షన్ సభ నడిపిన ఇంకో గుంపు, 1982 ఫిబ్రవరిలో జనరల్ ప్రొడక్ట్స్ అని కొట్టు తెరిచింది. ఆ పేరు అమెరికన్ రచయిత లారీ నివెన్ కథల్లో ఉండే ఓ కంపెనీది. ఆ గుంపులో వాళ్ళే తర్వాత గైనాక్స్ స్టూడియో పెట్టి, 1995లో ఎవాంజెలియన్ తీశారు.

వీళ్ళు చేసిన బొమ్మల్ని గరాజ్ కిట్లు అంటారు. పేరులో గరాజ్ ఉంది గానీ, జపాన్ నగరాల్లో అందరికీ గరాజ్‌లు ఎక్కడివి? వంటగదిలో చేసినా పడగ్గది మూలన చేసినా పేరు మాత్రం అదే. వాళ్ళకి ఆ అవకాశం ఇచ్చింది రెండు పదార్థాలు. ఒకటి మామూలు గది వేడిలోనే గట్టిపడే సిలికోన్ రబ్బరు. రెండోది రెండు ద్రవాలు కలిపితే నిమిషాల్లో రాయిలా మారే పాలియురేథేన్ రెసిన్. పాలియురేథేన్‌ని జర్మనీలో ఒట్టో బేయర్ బృందం 1937లో కనిపెట్టింది. సిలికోన్‌ని పెద్ద ఎత్తున తయారుచెయ్యడం రెండో ప్రపంచయుద్ధ అవసరాలతో అమెరికాలో మొదలైంది. బొమ్మల కోసం పుట్టినవి కావు రెండూ. పళ్ళ డాక్టరు తొడుగు వెయ్యడానికి ముందు మన నోట్లో పెట్టి కొలత తీసే ముద్ద ఉంటుందే, అదీ చాలాసార్లు ఈ సిలికోన్ కుటుంబంలోదే.

మూస ఎలా కడతారు

ముందు అసలు బొమ్మ ఒకటి కావాలి. పుట్టీతోనో, ఆరితే గట్టిపడే మట్టితోనో చేత్తో చెక్కుతారు. ఇది నెలల పని. దాన్ని చేతులు, తల, తోక అని ముక్కలుగా కోస్తారు.

చుట్టూ పెట్టె కడతారు. దీనికి చాలామంది వాడేది లెగో ముక్కలు. ఏ సైజు కావాలంటే ఆ సైజుకి పేర్చుకోవచ్చు, ద్రవం కారనివ్వకుండా బిగిసి కూర్చుంటాయి, పని అయ్యాక విప్పెయ్యొచ్చు. ఉక్కు మూసలో వెంట్రుక కంటే సన్నటి తేడా కూడా లేకుండా పోసిన ముక్కలు కాబట్టే అలా బిగుస్తాయి. ఫాక్టరీ మూస కడుపున పుట్టిన సరుకుతోనే ఇంటి మూసకి గోడలు కట్టడం నాకు భలే నచ్చిన సంగతి.

పెట్టె అడుగున మైనంలాంటి మట్టి పరిచి, బొమ్మ ముక్కని అందులోకి సగం వరకూ పూడుస్తారు. మట్టిలో అక్కడక్కడా గుంటలు నొక్కుతారు. రేపు రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడానికి అవే గుర్తులు. పైనుంచి సిలికోన్ సన్నటి ధారగా, ఓ మూల నుంచి, బుడగలు చిక్కకుండా పోస్తారు. కొన్ని మట్టి రకాల్లో గంధకం ఉంటుంది. ప్లాటినంతో గట్టిపడే రకం సిలికోన్ దాన్ని తాకితే ఎన్ని రోజులైనా గట్టిపడదు, జిగురుగా ఉండిపోతుంది. ఇలాంటివి ఏ డబ్బా మీదా పెద్దక్షరాలతో ఉండవు. చేసినవాడు ఇంకొకడికి చెప్పాలి.

మర్నాటికి గట్టిపడిన సగాన్ని తిరగేసి, మట్టి తీసేసి, రెండో సగం అంటుకుపోకుండా వాజలీన్‌లాంటిది పూసి, మళ్ళీ సిలికోన్ పోస్తారు. అది కూడా ఆరాక రెండు సగాలు విడదీసి, లోపలి బొమ్మ తీసి, రెసిన్ పోసే దారీ గాలి పోయే దారీ కత్తితో కోస్తే మూస సిద్ధం. ఇక రెసిన్. రెండు ద్రవాలూ తూచి కలిపాక చేతిలో ఉండేది రెండు మూడు నిమిషాలు. అంతలోపు పోసెయ్యాలి. కలిపిన ద్రవం దానంతటదే వేడెక్కి, తెల్లబడి, గట్టిపడుతుంది. అరగంటలో విడదీస్తే బొమ్మ.

ఆ వేడీ, ఆ రసాయనమూ ప్రతిసారీ సిలికోన్‌ని కొంచెం కొంచెం తినేస్తాయి. మూల్లో సన్నటి అంచులు చిరుగుతాయి. ఇరవయ్యో ముప్ఫయ్యో పోతలు, జాగ్రత్తగా వాడితే ఇంకొన్ని. తర్వాత ఆ మూస పారెయ్యాల్సిందే. ఉక్కు మూస యజమాని తర్వాత కూడా బతుకుతుంది. సిలికోన్ మూసకి ఆయుర్దాయం వారమో నెలో. అందుకే ఇంటి మూస వల్ల ఎవరూ గుత్తాధిపతి కాలేరు. వందో బొమ్మ కావాలంటే మళ్ళీ మొదటినుంచి కూర్చోవాలి.

వంగే మూస, వంగని మూస

సిలికోన్ చౌక అన్నది సగం కథ. మిగతా సగం దాని గుణంలో ఉంది.

ఉక్కు వంగదు. కాబట్టి ఉక్కు మూసలోంచి బొమ్మ బయటికి రావాలంటే దాని ఆకారంలో ఎక్కడా కొక్కెంలా లోపలికి మడిచిన భాగం ఉండకూడదు. ఉంటే ఆ మడత మూసని పట్టుకుని వదలదు. ఉక్కు మూసని మూడు నాలుగు ముక్కలుగా చేసి పక్కలకి జారేలా కట్టొచ్చు గానీ ఖర్చు ఇంకా పెరుగుతుంది. అందుకే పాత బొమ్మల జుట్టు తలకి అతికించినట్టు ఉంటుంది, చొక్కా మడతలు గీతలు గీసినట్టు ఉంటాయి. అది శిల్పి చేతకానితనం అనుకోవడం అన్యాయం.

సిలికోన్ వంగుతుంది. మడతలోంచి కూడా ఒలిచినట్టు ఊడి వస్తుంది. దాంతో గాడ్జిల్లా పొలుసుల కింద నీడ పడే లోతులు, గాలికి ఎగిరే జుట్టు పాయలు, నోట్లో పళ్ళ వరస అన్నీ సాధ్యమయ్యాయి. డబ్బున్న కంపెనీల బొమ్మల కంటే వంటగదిలో పోసిన బొమ్మలు చూడ్డానికి మెరుగ్గా ఉండటానికి ఇదో ముఖ్యమైన కారణం. రెండో కారణం, ముక్కలు అతికించి, గీకి, రంగులు వేసుకునే పని కొన్నవాడికే వదిలెయ్యడం. చిన్న పత్రికలు ఎక్కడ నెగ్గుతాయో వీళ్ళూ అక్కడే నెగ్గారు. శ్రమ చెయ్యడానికి సిద్ధపడిన పాఠకుణ్ణి నమ్ముకున్నారు.

ఒక్క రోజు హక్కు

ఇప్పుడు చిక్కు ప్రశ్న. గాడ్జిల్లా తోహో స్టూడియోది. వంటగదిలో పోసిన గాడ్జిల్లాని అమ్మితే అది దొంగసరుకు కాదా?

చట్టం ప్రకారం అవుతుంది. తొలి రోజుల్లో చాలా బొమ్మలు అలాగే చెలామణీ అయ్యాయి. పెద్ద కంపెనీలాగా లైసెన్సు తీసుకోవాలంటే యాభై బొమ్మలవాడి వల్ల అయ్యే పని కాదు. వదిలేస్తే హక్కుదారుకి నష్టం, పట్టుకుంటే అభిమానులకి నష్టం. ఈ ముడి విప్పడానికి జపాన్‌లో ఓ విచిత్రమైన ఏర్పాటు వచ్చింది.

జనరల్ ప్రొడక్ట్స్ వాళ్ళు 1985లో వండర్ ఫెస్టివల్ అనే సంత మొదలుపెట్టారు. ఎవరికి వాళ్ళు బల్ల వేసుకుని తాము చేసిన బొమ్మలు అమ్ముకునే చోటు. దాంతోపాటు స్థిరపడిన పద్ధతి పేరు తోజిత్సు హన్‌కెన్, అంటే ఆ రోజు మటుకు హక్కు. అమ్మాలనుకున్నవాడు నెలల ముందే సంత నిర్వాహకుల ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి. ఎన్ని బొమ్మలు, ఎంత ధర అన్నీ రాయాలి. హక్కుదారు నమూనా చూసి సరే అంటే, ఆ ఒక్క రోజు, ఆ ఒక్క ఆవరణలో, అన్ని బొమ్మలే అమ్ముకోవచ్చు. రాయల్టీ కట్టాలి. సాయంత్రం సంత ముగియగానే హక్కు ముగుస్తుంది. మిగిలిన సరుకు మర్నాడు బయట అమ్మితే మళ్ళీ దొంగసరుకే.

సాఫ్ట్‌వేర్ పని చేసేవాడిగా నేను లైసెన్సులు చాలా చదివాను. ఇంత తెలివైనది తక్కువ చూశాను. సిలికోన్ మూస ఆయుష్షుకీ ఈ లైసెన్సు ఆయుష్షుకీ భలే పొంతన కుదిరింది. కొన్నాళ్ళే బతికే మూస, ఒక్క రోజే బతికే హక్కు. హక్కుదారుకి భయం లేదు, అభిమానికి అవమానం లేదు. 1992లో ఆ సంత నిర్వహణ కైయోదో చేతికి వచ్చింది. 2009 నుంచి టోక్యో పక్కన మకుహారి మెస్సేలో ఏడాదికి రెండుసార్లు, చలికాలంలో ఒకటీ ఎండాకాలంలో ఒకటీ జరుగుతోంది. వేలమంది తెల్లవారుజామునే వచ్చి వరసలో నిలబడతారు.

కాపీకి కాపీ

ఈ కథలో విలన్ పెద్ద కంపెనీ అనుకుంటే తేలిగ్గా ఉండేది. కానీ గరాజ్ కిట్‌ల వాళ్ళకి నిద్రపట్టనివ్వని మనిషి వాళ్ళలాంటివాడే. సంతలో ఓ కిట్ కొని, ఇంటికెళ్ళి, దాని మీదే సిలికోన్ పోసి మూస తీసి, రెసిన్ పోసి, సగం ధరకి అమ్మేవాడు. వాణ్ణి రీకాస్టర్ అంటారు. నెలల తరబడి చెక్కిన పని వాడికి రెండు రోజుల్లో దొరుకుతుంది. ఇద్దరి బల్ల మీదా ఉన్న డబ్బాలు ఒకటే, మూస కట్టే పద్ధతీ ఒకటే.

నిన్నటిదాకా స్టూడియో బొమ్మని అడక్కుండా చేసినవాడికి, ఇవాళ తన బొమ్మని ఇంకొకడు అడక్కుండా చేస్తే కోపం రావడం న్యాయమేనా? నాకైతే న్యాయమే అనిపిస్తుంది. మొదటివాడు తెరమీది నీడని చూసి, ఓ ఘనరూపాన్ని తన చేత్తో ఊహించి చెక్కాడు. రెండోవాడు ఊహించిందేమీ లేదు. తేడా బొమ్మలో కూడా కనిపిస్తుంది. రెసిన్ గట్టిపడేటప్పుడు కాస్త కుంచించుకుంటుంది. కాపీకి తీసిన కాపీ అసలు కంటే వెంట్రుకవాసి చిన్నగా ఉంటుంది, అంచులు మొద్దుబారతాయి. ఇంజనీరింగ్ కాలేజీలో జిరాక్సుకి జిరాక్సు తీసిన నోట్సు చదివినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మూస కథ అని మనం చిరాకు పడేది కూడా బహుశా దీనికే. లోకాన్ని చూసి రాసిన కథ ఒకటి ఉంటుంది. ఆ కథని చూసి రాసినవి వంద ఉంటాయి.

గరాజ్ నుంచి గాలరీకి

1990ల చివర్లో గాలి మారింది. చైనాలో ఫాక్టరీలు, తక్కువ కూలీకి చేత్తో రంగులు వేసే మనుషులు దొరకడంతో, ముందే రంగులు వేసి అతికించిన బొమ్మలు చౌకగా వచ్చేశాయి. 1999లో ఫురుతా అనే మిఠాయి కంపెనీ చాక్లెట్ గుడ్డులో జంతువుల బొమ్మలు పెట్టి అమ్మింది. ఆ బొమ్మల రూపకల్పన కైయోదోది, చెక్కింది మత్సుమురా షినోబు. జపాన్‌లో ఉండే జంతువుల్ని పిడికెడంత కూడా లేని బొమ్మల్లో అంత నిజంగా ఎవరూ అంతకుముందు చూడలేదు. పెద్దవాళ్ళు చాక్లెట్ పక్కన పడేసి బొమ్మలు దాచుకున్నారు. కోట్లలో అమ్ముడయ్యాయి. ఇరవై బొమ్మలకే చిరిగే మూసల దగ్గర నేర్చుకున్న చేతులు ఇప్పుడు ఉక్కు మూసలకి పనిచేస్తున్నాయి.

ఇంకోపక్క చిత్రకారుడు మురకామి తకాషి కైయోదో శిల్పి బోమే సాయంతో మిస్ కోకో అనే నిలువెత్తు బొమ్మ 1997లో చేయించాడు. ఆ బొమ్మ 2003లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో అయిదున్నర లక్షల డాలర్లకి పైగా పలికింది. గరాజ్ కిట్ల రూపం గాలరీలో కళ అయ్యింది. గెలుపే, కాదనను. అయితే ఆ వేలం పాటలో వినిపించిన పేరు శిల్పిది కాదు.

ఊపిరితిత్తుల ఖాతా

ఇంట్లో మూస అనగానే ఓ కుటీర పరిశ్రమ అందం కళ్ళముందు మెదులుతుంది. రెసిన్ రెండు ద్రవాల్లో ఒకదాంట్లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆ ఆవిరి పీలిస్తే కొందరికి ఉబ్బసం వస్తుంది. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కొద్ది మోతాదుకే ఊపిరాడదు. గట్టిపడ్డాక గీకితే వచ్చే దుమ్ము ఇంకో సంగతి. ఫాక్టరీలో అయితే గాలి లాగే యంత్రాలూ, కనీసం కాగితం మీదైనా, తనిఖీలూ ఉంటాయి. పడగ్గదిలో కిటికీ తీసి ఉంచడమే తనిఖీ. చేతిపని అనగానే పవిత్రం అనుకునే అలవాటు మనకుంది. కార్మికుడూ యజమానీ ఒకడే అయినప్పుడు, తన ఒళ్ళు తనే దోచుకోవచ్చు.

ఇక్కడ, ఇప్పుడు

త్రీడీ ప్రింటర్ వచ్చాక మూస పని అయిపోయిందని చాలామంది అన్నారు. అసలు బొమ్మ చెక్కే పని చాలావరకూ కంప్యూటర్‌కి మారిన మాట నిజం. కానీ ప్రింటర్ ఒక్కో బొమ్మకి గంటలు తీసుకుంటుంది. మూస అరగంటలో ఇస్తుంది. అందుకే ఇవాళ చాలామంది ఒకటి ప్రింట్ చేసి, నున్నగా గీకి, దాని మీద సిలికోన్ పోస్తున్నారు. ప్రింటర్ మట్టిని తీసేసింది గానీ మూసని తియ్యలేదు.

ఈ సరంజామా అంతా ఇప్పుడు హైదరాబాద్‌లో కూర్చుని తెప్పించుకోవచ్చు. ధూల్‌పేటలో వినాయకుడి విగ్రహాలకి అచ్చులు వాడటం చూసినవాళ్ళకి పద్ధతి కూడా కొత్తకాదు. అడ్డుపడేది వేరే ఉంది. కేంద్రం 2020లో తెచ్చిన బొమ్మల నాణ్యత ఉత్తర్వు 2021 జనవరి నుంచి అమల్లో ఉంది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఆడుకునే బొమ్మ ఏదైనా ఐఎస్ఐ గుర్తు లేకుండా అమ్మకూడదు. పిల్లల నోట్లోకి వెళ్ళే వస్తువు కాబట్టి ఉద్దేశం మంచిదే. నమోదైన హస్తకళాకారులకీ, కొండపల్లిలాగా భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ మినహాయింపు కూడా ఇచ్చారు. అంటే చట్టానికి ఫాక్టరీ తెలుసు, సంప్రదాయం తెలుసు. మధ్యలో, తన కథలోంచి ఓ పాత్రని తీసుకుని నలభై బొమ్మలు పోసిన అమ్మాయి ఎవరో తెలియదు. ఆమె ఇవి పిల్లల బొమ్మలు కావు, అలంకార వస్తువులు అని చెప్పుకోవాలి.

కాపీరైటు చట్టం ఇంకో తమాషా. 1957 నాటి చట్టంలో 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్‌గా రిజిస్టరు చేసుకోదగ్గ రూపాన్ని చేసుకోకుండానే పారిశ్రామిక పద్ధతిలో 50 సార్ల కంటే ఎక్కువ తయారుచేస్తే దాని మీద కాపీరైటు పోతుంది. బొమ్మ శిల్పం కిందికి వస్తుందా, డిజైన్ కిందికి వస్తుందా, వంటగదిలో పోత పారిశ్రామిక పద్ధతి అవుతుందా అన్న వాదనలు లాయర్లకి వదిలేద్దాం. నన్ను ఆపింది ఆ యాభై అన్న అంకె. ఎన్ని కాపీల దాకా కళ, ఎక్కడినుంచి సరుకు అని గీత గియ్యాల్సి వస్తే, చట్టం గీసిన గీత సిలికోన్ మూస చిరిగే చోటికి దగ్గర్లోనే ఉంది.

మన చిన్న ప్రచురణలకి ఒక్క రోజు హక్కులాంటి ఏర్పాటు ఎప్పుడైనా ఆలోచించామా? హక్కులు వారసుల దగ్గర ఇరుక్కుని మళ్ళీ అచ్చుకాని పాత నవలలు ఎన్నో ఉన్నాయి. పెద్ద ప్రచురణకర్తకి లెక్క కుదరదు, అభిమానికి అనుమతి దొరకదు. పుస్తక ప్రదర్శన జరిగే ఆ పది రోజులకి, రెండొందల కాపీలకి, ఇంత రాయల్టీకి అని ఓ అనుమతి ఉంటే? ఒసాకా కుర్రాళ్ళు సాధించిన దాంట్లో సిలికోన్ వాటా ఎంతో, ఆ దరఖాస్తు ఫారం వాటా కూడా అంతే.

ఇకమీదట ఏదైనా కథని మూస అని తీసిపారేసే ముందు, అది ఏ మూసో ఒకసారి అడుగుదాం. లక్షమందిని ఊహించుకుని చెక్కిన ఉక్కుదా, పక్కవాడి బొమ్మ మీద పోసిన రీకాస్టరుదా, లేక ఎవరో తన బొమ్మ కోసం తనే కట్టుకుని, ఇరవై పోతలకి చిరిగిపోయిన రబ్బరుదా? మూడోదైతే ఆ చిరిగిన అంచు చూడ్డానికైనా ఆగి చదవాలి.